గొయ్యి చూసి బాంబు సైజు చెప్పగలమా?

2024 డిసెంబర్ 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు దగ్గర భూమి కంపించింది. తీవ్రత 5.3. విజయవాడలో కూడా ఆ అదురు తెలిసింది, అపార్ట్‌మెంట్ల వాళ్లు గబగబా మెట్లు దిగి బయటికొచ్చారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో ఊగే ఫ్యాన్ల వీడియోల వెనకే ఒక మాట తిరుగుతుంది: "ఎక్కడో బాంబు టెస్ట్ చేసుంటారు."

ఆ మాటను నవ్వి వదిలేయక్కర్లేదు. 1998 మే 11న మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలకు పోఖ్రాన్‌లో మన దేశం మూడు అణు పరికరాలను ఒకేసారి పేల్చినప్పుడు విదేశీ భూకంప కేంద్రాల్లో నమోదైన తీవ్రత సుమారు 5.2. అంకెలు చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. నేలకు జరిగింది మాత్రం పూర్తిగా వేరు. ములుగు కంపం దాదాపు 40 కిలోమీటర్ల లోతున పుట్టింది. పోఖ్రాన్ బావుల్లో అన్నిటికన్నా లోతైనది 200 మీటర్ల పైచిలుకు మాత్రమే. మనిషి వేసిన అతి లోతైన బోరు, రష్యాలోని కోలా బోరు, 12 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. కాబట్టి 40 కిలోమీటర్ల కింద బాంబు పెట్టడం ఎవరి వల్లా కాదు.

లోతు తెలియకపోయినా తేడా పట్టొచ్చు. భూకంపంలో ఒక పగులుకు రెండు వైపులా ఉన్న రాయి ఒరుసుకుంటూ జారుతుంది. అందుకే కొన్ని దిక్కుల్లో ఉన్న పరికరాలకు మొదటి కదలిక తోపుడుగా, మరికొన్ని దిక్కుల్లో లాగుడుగా అందుతుంది. పేలుడు అన్ని దిక్కులకూ తోస్తుంది. పైగా పేలుడులో భూమి లోపలి నుంచి వచ్చే అలలు బలంగా ఉంటే, నేల పైపొరల్లో పాకే అలలు వాటితో పోలిస్తే నీరసంగా ఉంటాయి. కర్ణాటకలోని గౌరిబిదనూరులో భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్, 1960ల నుంచి నడుపుతున్న సెన్సార్ల వరస ఇలాంటి తేడాలు పట్టేందుకే.

ఇంతవరకూ దూరాన కూర్చుని వినే వాళ్ల సంగతి. పేలిన చోట రాయికి ఏమవుతుందన్నది ఇంకా చిక్కు ప్రశ్న. ఒకచోట ఊరంత గొయ్యి పడుతుంది, ఇంకోచోట అంతకన్నా పెద్ద బాంబు పేలినా పైన నేల దాదాపు అలాగే ఉంటుంది. 2009లో మన దేశంలో పెద్ద గొడవ రేగింది కూడా ఈ విషయం మీదే. 1998లో పోఖ్రాన్‌లో పేల్చిన హైడ్రోజన్ బాంబు సరిగ్గా పేలి ఉంటే గొయ్యి ఏదీ అని ఒకరు అడిగారు, ఆ రాతిలో గొయ్యి పడదని ఇంకొకరు అన్నారు. ఆ వాదన అర్థం కావాలంటే ముందు రాయి దగ్గరికి వెళ్లాలి.

మొదటి సెకను

పూర్తిగా భూమిలోనే ఇమిడిపోయిన మొదటి అణు పేలుడు 1957 సెప్టెంబర్ 19న అమెరికాలోని నెవాడాలో జరిగింది. దాని పేరు రెయినియర్, శక్తి 1.7 కిలోటన్నులు, లోతు సుమారు 274 మీటర్లు. కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానమైన శక్తి. 1963 ఒప్పందంతో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు నిషేధించాక, సంతకం చేసిన దేశాలకు భూగర్భం ఒక్కటే మిగిలింది. ఒక్క నెవాడాలోనే 800కు పైగా పరీక్షలు భూమి లోపల జరిగాయి. రాయి ఎలా ప్రవర్తిస్తుందో మనకు తెలిసిందంతా ఎక్కువగా ఆ గుంటల నుంచీ, సోవియట్ యూనియన్‌కు చెందిన సెమిపలాటిన్స్క్ పరీక్షా స్థలం నుంచీ వచ్చిందే.

బాంబు పేలిన సెకనులో పది లక్షలో వంతులోనే శక్తంతా బయటపడిపోతుంది. ఉష్ణోగ్రత కోటి డిగ్రీల స్థాయికి, ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి లక్షల రెట్లకు చేరుతుంది. ఆ స్థితిలో రాయి గట్టిదా మెత్తదా అన్న ప్రశ్నే లేదు. బాంబును ఆనుకున్న రాయి ఆవిరైపోతుంది, దాని వెనకున్నది కరుగుతుంది. ఒక్కో కిలోటన్నుకు వందల టన్నుల రాయి ద్రవంగా మారుతుంది. ఈ ఆవిరి చుట్టూ ఉన్న రాతిని బయటికి నెడుతూ ఒక గుండ్రటి డొల్లను తయారుచేస్తుంది. సెకనులో పదో వంతు గడిచేసరికి ఆ డొల్ల పెరగడం దాదాపు ఆగిపోతుంది.

డొల్ల సైజు విషయంలో మన ఊహ తప్పుతుంది. 1 కిలోటన్నుకు వ్యాసార్థం పది పదిహేను మీటర్ల వరకూ ఉంటుంది. శక్తిని 8 రెట్లు చేస్తే వ్యాసార్థం 8 రెట్లు కాదు, రెండింతలే అవుతుంది. వెయ్యి రెట్లు చేస్తే పదింతలు. శక్తి ఖర్చయ్యేది ఘనపరిమాణం మీద కాబట్టి దూరాలన్నీ శక్తికి ఘనమూలంగా పెరుగుతాయి. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మిగతా వ్యాసం సులువు. పెద్ద బాంబును చిన్న బాంబుతో పోల్చాలంటే లోతును శక్తి ఘనమూలంతో భాగించాలి. అప్పుడే రెండూ ఒకే కొలతలోకి వస్తాయి.

డొల్ల చుట్టూ ఉన్న రాయి పొరలు పొరలుగా దెబ్బతింటుంది. డొల్ల గోడను ఆనుకుని, దాని వ్యాసార్థానికి రెండు మూడు రెట్ల దూరం వరకూ రాయి పిండి పిండిగా నలుగుతుంది. అది దాటాక పగుళ్ల ప్రాంతం, డొల్ల వ్యాసార్థానికి అనేక రెట్ల దూరం పోతుంది. ఆ తర్వాత రాయి సాగి మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేస్తుంది. మనం దూరాన పట్టుకునే కంపనమంతా ఈ చివరి ప్రాంతం నుంచి బయల్దేరిన అల. బాంబు శక్తిలో ఆ అలకు దక్కే వాటా చాలా చిన్నది. మిగిలినదంతా రాతిని కరిగించడానికీ, నలపడానికీ, వేడి చేయడానికే పోతుంది.

భూమి అచ్చంగా ఒకే ముద్ద అయితే కథ ఇంత సులువుగా ఉండేది. నిజానికి ఏ కొండ రాతిలోనైనా ముందే చీలికలు ఉంటాయి. ఇంద్రకీలాద్రి మీద వానాకాలంలో రాళ్లు జారేదీ ఆ పాత చీలికల్లోకి నీరు దిగడం వల్లే. అణు పేలుడు అల కూడా కొత్త పగులు తెరవడానికి ముందు పాత పగులునే వెతుక్కుంటుంది. అందుకే నలిగిన ప్రాంతం కాగితం మీద గీసినంత గుండ్రంగా ఉండదు. కొన్ని దిక్కుల్లో వేళ్లు చాచినట్టు సాగిపోతుంది.

నేల ఎగిరి పడటం

కిందినుంచి వచ్చిన ఒత్తిడి అల నేల పైకి చేరాక అక్కడ దాన్ని ఆపేది గాలి తప్ప ఇంకేమీ లేదు. ఒత్తిడి కాస్తా తిరగబడి, లాగే అలగా మారి వెనక్కి మళ్లుతుంది. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. పై పొరలు కింది పొరల నుంచి విడిపోయి, కొద్దిసేపు గాలిలో తేలి, మళ్లీ దబ్బున పడతాయి. ఆ పడటం మళ్లీ ఒక చిన్న కంపనంగా పరికరాల్లో కనిపిస్తుంది.

1971 నవంబర్ 6న అలాస్కాలోని అమ్చిట్కా దీవిలో సుమారు 1,790 మీటర్ల లోతున కానికిన్ అనే పరీక్ష చేశారు. అమెరికా భూగర్భంలో పేల్చినవాటిలో అదే అతి పెద్దది, దాదాపు 5 మెగాటన్నులు, అంటే 5,000 కిలోటన్నులు. ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా మందం ఉన్న రాయి మీద ఉన్నా, పైన నేల సుమారు 6 మీటర్లు లేచి పడింది. ఈ పరీక్ష వల్ల పెద్ద భూకంపం, సునామీ వస్తాయని పర్యావరణవాదులు కోర్టుకెక్కారు. పరీక్ష రోజునే అమెరికా సుప్రీంకోర్టు 4-3 తేడాతో ఆపడానికి నిరాకరించింది. సునామీ రాలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రకంపనలు అసలు పేలుడుకన్నా చాలా చిన్నవి.

పేలుడు చుట్టుపక్కల పగుళ్లను కదిలిస్తుందన్నది నిజమే. 1968 జనవరి 19న నెవాడా మధ్య ప్రాంతంలో, పాత పరీక్షా స్థలానికి దూరంగా, 975 మీటర్ల లోతున ఒక పరీక్ష చేశారు. కొత్త చోట పెద్ద బాంబులు పేల్చొచ్చా అని చూడడం దాని ఉద్దేశం. అక్కడ భూమిలో ఉన్న పగుళ్ల వెంబడి నేల పెద్ద పెద్ద దిమ్మెలుగా కుంగిపోయింది. బాంబును దించిన ఉక్కు గొట్టం అంచు మొదట నేల మట్టానికి ఉండేది. ఇప్పుడది సుమారు 2.7 మీటర్లు పైకి పొడుచుకుని నిలబడి ఉంది. గొట్టం ఉన్నచోటే ఉంది, దిగిపోయింది నేల. ఆ స్థలంలో మళ్లీ పెద్ద పరీక్ష చేయలేదు. అయినా ఇదంతా కొన్ని కిలోమీటర్ల పరిధిలో జరిగిన వ్యవహారం. వందల కిలోమీటర్ల అవతల భూకంపం పుట్టించడానికి బాంబు చాలదు.

పేరేచర్ల కంకర, నెవాడా గుంటలు

పేలుడు ముగిసి పొగ లాంటిదేమీ రాకపోయినా కథ అయిపోలేదు. డొల్ల లోపల వేడి ఆవిరి క్రమంగా చల్లారుతుంది, ఒత్తిడి పడిపోతుంది. కరిగిన రాయి గోడల వెంట జారి అడుగున మడుగుగా చేరి, గాజులా గట్టిపడుతుంది. రేడియోధార్మిక పదార్థంలో చాలా భాగం ఆ గాజులోనే ఇరుక్కుపోతుంది. ఇక డొల్ల పైకప్పును మోసేది ఏదీ ఉండదు. నలిగిన పైకప్పు ఊడి పడటం మొదలవుతుంది. పడినకొద్దీ పైన కొత్త పైకప్పు, అదీ పడుతుంది. ఇలా డొల్ల పైకి పాకుతూ రాళ్లతో నిండిన ఒక నిలువు గొట్టం తయారవుతుంది. దీన్నే చిమ్నీ అంటారు.

ఈ చిమ్నీ పైదాకా వస్తుందా రాదా అన్నది గుంటూరు పక్కన పేరేచర్ల క్వారీల్లో లారీ నింపే మనిషికి సహజంగా తెలిసే విషయం మీద ఆధారపడి ఉంటుంది. కొండలో ఒక ట్రక్కంత రాయి పగలగొడితే, ఆ కంకర ఒక ట్రక్కులో పట్టదు. ముక్కల మధ్య ఖాళీలు వచ్చి రాయి ఉబ్బుతుంది. చిమ్నీలోనూ అంతే. కూలిన రాళ్లు ముందున్నదానికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి కాబట్టి, కూలుతూ కూలుతూ ఒకచోట డొల్ల మొత్తం నిండిపోతుంది. ఇంక పడటానికి ఖాళీ లేదు, చిమ్నీ ఆగిపోతుంది. కూలిన రాయి పావు వంతు ఉబ్బిందనుకుని లెక్క వేస్తే చిమ్నీ ఎత్తు డొల్ల వ్యాసార్థానికి అయిదు రెట్లు దాటుతుంది.

గట్టి గ్రానైట్ పెద్ద పెద్ద ముక్కలుగా విరుగుతుంది, బాగా ఉబ్బుతుంది, కాబట్టి చిమ్నీ తొందరగా ఆగుతుంది. పైన నేల మీద ఏమీ కనపడకపోవచ్చు. అదే ఒండ్రు నేలయితే? అందులో ముందే ఖాళీలు ఎక్కువ, కూలినా పెద్దగా ఉబ్బదు. చిమ్నీ నేల పైదాకా ఎగబాకి, అక్కడ నేల పళ్లెంలా కుంగుతుంది. నెవాడాలోని యుక్కా ఫ్లాట్ అనే ఒండ్రు మైదానం పైనుంచి చూస్తే చంద్రుడి మీద గుంటల్లా కనిపించేది అందుకే. ఒకవేళ ఎవరైనా మన కృష్ణా డెల్టా కింద అలాంటిది పేలిస్తే (పేల్చరనుకోండి) మిగిలేది ఇలాంటి పళ్లేలే.

కూలడానికి పట్టే సమయం కూడా రాతిని బట్టే. నిమిషాల్లో కూలొచ్చు, గంటలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, అసలు కూలకపోవచ్చు. కానికిన్ డొల్ల పేలుడు తర్వాత 38 గంటలకు కూలింది. పైన ఏర్పడిన కుంగుబాటు ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా వెడల్పు ఉంది, అందులో నీరు చేరి సరస్సయింది.

పైకి ఎగజిమ్మే గొయ్యి దీనికి పూర్తిగా వేరే జాతి. బాంబును లోతు తక్కువలో పెడితే మీద ఉన్న మట్టిని వాయువు ఎత్తి బయటికి విసిరేస్తుంది. 1962 జులై 6న నెవాడాలో సెడాన్ పరీక్షలో 104 కిలోటన్నుల బాంబును 194 మీటర్ల లోతున ఒండ్రులో పేల్చారు. అణు బాంబులతో కాలువలు, ఓడరేవులు తవ్వొచ్చన్న మోజు ఉన్న రోజులవి. సుమారు 390 మీటర్ల వెడల్పు, దాదాపు 100 మీటర్ల లోతు గొయ్యి పడింది, కోటి టన్నులకు పైగా మట్టి లేచింది. 1965 జనవరి 15న సోవియట్లు చగాన్ దగ్గర నదిలో అదే పని చేసి, 408 మీటర్ల వెడల్పు గొయ్యితో ఒక సరస్సునే తయారుచేశారు. అవి ఎంత పెద్ద గొయ్యిలో అంత పెద్ద కాలుష్యం. బాంబుతో కాలువ తవ్వే ఆలోచన చివరికి ఆగిపోయింది.

నల్లరేగడి చేసిన పని

బాంబును పైకి రాకుండా ఇమిడ్చడానికి అమెరికన్లు వాడిన సూత్రం చాలా తేలిక: 1 కిలోటన్నుకు 122 మీటర్ల లోతు, శక్తి పెరిగితే ఘనమూలం చొప్పున లోతు పెంచాలి. ఆ లెక్కన 10 కిలోటన్నులకు 263 మీటర్లు కావాలి. 1970 డిసెంబర్ 18న బేన్‌బెర్రీ పరీక్షలో 10 కిలోటన్నుల బాంబును 278 మీటర్ల లోతున పెట్టారు. సూత్రం కన్నా ఎక్కువే. అయినా మూడున్నర నిమిషాలకు నేల చీలి, రేడియోధార్మిక మేఘం సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. పక్కన పనిచేసే వాళ్లు ఆ ధూళి బారిన పడ్డారు.

తప్పెక్కడ జరిగింది? లోతు ఒక్కటే బాంబును ఆపదు. డొల్ల పెరిగేటప్పుడు చుట్టూ రాయి బయటికి నొక్కుకుని, తర్వాత వెనక్కి బిగుసుకుంటుంది. ఆ బిగింపు డొల్ల చుట్టూ ఒక ఒత్తిడి పంజరంలా నిలబడి, లోపలి వాయువు పగుళ్లను తోసుకుని పైకి రాకుండా ఆపుతుంది. లోతు కన్నా ఈ పంజరమే ముఖ్యం. అది ఏర్పడాలంటే రాతికి వెనక్కి ఎగిరే పట్టు ఉండాలి. బేన్‌బెర్రీ బావి దగ్గర ఎవరూ ఊహించనంత నీరు తాగి ఉన్న బంకమట్టి పొర ఉంది. ఆ మట్టికి వెనక్కి బిగిసే బలం లేదు. పైగా అందులోని నీరు ఆవిరై లోపలి ఒత్తిడిని ఇంకా పెంచింది.

ఆ మట్టిలోని ఖనిజం పేరు మాంట్‌మోరిల్లోనైట్. గుంటూరు జిల్లా రైతుకు ఇది పరాయిది కాదు. వేసవిలో కాలు దూరేంత నెర్రెలిచ్చి, వాన పడగానే ఉబ్బి జిగురయ్యే నల్లరేగడికి ఆ గుణం వచ్చేది ఈ జాతి ఖనిజాల నుంచే. నల్లరేగడిలో ఇల్లు కట్టే మేస్త్రి పునాది దగ్గర ఎంత భయపడతాడో, బేన్‌బెర్రీ తర్వాత అణు పరీక్షల ఇంజినీర్లు కూడా అంత భయపడటం నేర్చుకున్నారు. ఆ తర్వాత నెవాడాలో ప్రతి పరీక్షకూ ముందు బావి చుట్టూ ఉన్న రాయి గురించి, నీటి గురించి ప్రత్యేక నిపుణుల బృందం పరిశీలించడం తప్పనిసరి అయింది.

ఉప్పుది ఇంకో రకం స్వభావం. 1964 అక్టోబర్ 22న మిసిసిపీలో ఒక ఉప్పు గుమ్మటంలో 828 మీటర్ల లోతున 5.3 కిలోటన్నుల బాంబు పేల్చారు. ఉప్పు పగలడం కన్నా సాగడానికి ఇష్టపడుతుంది, అందుకే డొల్ల కూలకుండా నిలిచింది. 1966 డిసెంబర్ 3న ఆ ఖాళీ డొల్లలోనే 0.38 కిలోటన్నుల చిన్న బాంబు పేల్చారు. రాతిని ఆనుకుని పేలితే వచ్చే దానితో పోలిస్తే కంపనం దాదాపు 70 రెట్లు తగ్గింది. రాయి నలగలేదు, కాబట్టి బలమైన అల పుట్టలేదు. దొంగచాటుగా పరీక్ష చేయాలనుకునే దేశానికి ఇది ఒక దారి. ఒప్పందాలు రాసే వాళ్లకు ఆ రోజు నుంచీ టెన్షనే.

కొండ పక్కకు జరిగింది

ఉత్తర కొరియా 2006 నుంచి 2017 వరకూ చేసిన ఆరు పరీక్షలూ పుంగ్యే-రీ అనే చోట కొండల కింద సొరంగాల్లో జరిగాయి. చివరిది, అన్నిటికన్నా పెద్దది, 2017 సెప్టెంబర్ 3న 2,205 మీటర్ల ఎత్తున్న మంతాప్ కొండ కింద జరిగింది. తీవ్రత 6.3. ఎనిమిదిన్నర నిమిషాల తర్వాత 4.1 తీవ్రతతో ఇంకో కంపనం వచ్చింది. మొదటిది బయటికి తోసిన పేలుడు, రెండోది లోపలికి కూలిన డొల్ల.

ఆ కొండ మీదికి బయటి శాస్త్రవేత్తలు ఎవరూ పోలేరు. కాబట్టి జర్మనీ ఉపగ్రహం టెర్రాసార్-ఎక్స్ పేలుడుకు ముందూ తర్వాతా తీసిన రాడార్ చిత్రాలను పరిశోధకులు పోల్చారు. మామూలుగా రాడార్ అలల తేడాతో నేల సెంటీమీటరు కదిలినా చెప్పొచ్చు. అయితే ఇక్కడ కొండ మరీ ఎక్కువ కదిలింది, ఆ పద్ధతి పనికి రాలేదు. చిత్రంలోని ఒక్కో చుక్క ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో వెతికి కొలవాల్సి వచ్చింది. 2018లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం కొండ వాలు గరిష్ఠంగా 3.5 మీటర్లు పక్కకు జరిగింది, శిఖరం దగ్గర సుమారు అర మీటరు దిగింది. పేలుడు శిఖరానికి దాదాపు 450 మీటర్ల కింద జరిగిందనీ, శక్తి 109 నుంచి 276 కిలోటన్నుల మధ్య ఉంటుందనీ వాళ్లు లెక్క కట్టారు.

ఈ ఫలితాల్లో నాకు ఎక్కువ నచ్చింది పక్కకు జరగడం. చదునైన నేలలో పేలితే నేల నిలువుగా లేచి పడుతుంది. కొండలో అయితే తేలికైన దారి వాలు వైపు, అందుకే కొండ రెండు పక్కలా ఉబ్బింది. బలం ఉన్న చోటు నుంచి కాక, అడ్డు తక్కువ ఉన్న చోటు నుంచి రాయి దారి చేసుకుంటుంది. పైన చెప్పిన లెక్కలో శక్తి అంచనా ఇంత విస్తృతంగా ఉండడానికి కారణం కూడా ఇదే. 109కీ 276కీ మధ్య తేడా రెండున్నర రెట్లు. అంత కచ్చితమైన కొలతలు ఉన్నా, రాయి గుణం పూర్తిగా తెలియకపోతే బాంబు శక్తి అంతకన్నా దగ్గరగా తేలదు.

సోవియట్, అమెరికన్లు ఇదే పాఠాన్ని ముందే నేర్చుకున్నారు. 1974 ఒప్పందం ప్రకారం 150 కిలోటన్నుల పైన పరీక్షలు చేయకూడదు. కానీ సెమిపలాటిన్స్క్ గట్టి రాతి నుంచి వచ్చే అల, నెవాడాలో అదే శక్తి బాంబు నుంచి వచ్చే అల కన్నా బలంగా ఉండేది. నెవాడా కొలమానంతో చూసిన అమెరికన్లకు సోవియట్లు ఒప్పందం తప్పుతున్నట్టు అనిపించేది. చివరికి 1988లో ఒకరి పరీక్షా స్థలానికి ఇంకొకరు పరికరాలతో వెళ్లి, ఆగస్టు 17న నెవాడాలో, సెప్టెంబర్ 14న సెమిపలాటిన్స్క్‌లో పక్కనే నిలబడి కొలుచుకున్నారు.

ఇప్పుడు పోఖ్రాన్

1974 మే 18 నాటి మొదటి పరీక్షలో బాంబు 107 మీటర్ల లోతున ఉంది. ప్రభుత్వం చెప్పిన శక్తి 12 కిలోటన్నులు. అమెరికన్ల సూత్రం ప్రకారం ఇమిడ్చడానికి 280 మీటర్లు కావాలి. కాబట్టి అక్కడ నేల కదలకుండా ఉండే అవకాశమే లేదు. నేల గుట్టగా లేచి కుంగింది. మిగిలిన గొయ్యి వ్యాసార్థం సుమారు 47 మీటర్లు, లోతు 10 మీటర్లు. శక్తికి తగ్గట్టు కుదించి చూస్తే ఆ లోతు సెడాన్ లోతుకు దగ్గర్లోనే ఉంటుంది, గొయ్యి మాత్రం దామాషాలో సెడాన్ గొయ్యికి సగమే. ఆ తేడాలో రాయి వాటా ఎంతో, అసలు శక్తి వాటా ఎంతో గొయ్యి ఒక్కటే చెప్పదు. విదేశీ నిపుణుల్లో చాలామంది ఆ బాంబు శక్తి 12 కన్నా తక్కువని అనడం తెలిసిందే.

1998 నాటి గొడవ కూడా అక్కడే ఉంది. మే 11న పేల్చిన మూడింటిలో పెద్దవి రెండు. హైడ్రోజన్ బాంబును 'వైట్ హౌస్' అని పిలిచిన 200 మీటర్ల పైచిలుకు బావిలో, విచ్ఛిత్తి బాంబును, అంటే అణు కేంద్రకాలు చీలడంతో పేలేదాన్ని, 'తాజ్ మహల్' అనే 150 మీటర్ల పైచిలుకు బావిలో పెట్టారు. రెండింటి మధ్య దూరం సుమారు ఒక కిలోమీటరు. ఒకదాని అదురు రెండోదాన్ని పాడు చేస్తుందని ఒకేసారి పేల్చారు. ప్రకటించిన శక్తి మొదటిది 45 కిలోటన్నులు, రెండోది 15. ఖేతోలాయ్ గ్రామం అయిదు కిలోమీటర్ల దూరంలోనే ఉండటంతో హైడ్రోజన్ బాంబు శక్తిని కావాలనే తగ్గించామని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. ఖేతోలాయ్ ఇళ్ల గోడలు మాత్రం ఎలాగూ బీటలు వారాయి.

2009లో, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తరఫున ఆ పరీక్షల్లో ముఖ్య బాధ్యత వహించిన కె. సంతానం, హైడ్రోజన్ బాంబు అనుకున్నంత పేలలేదని బహిరంగంగా అన్నారు. విచ్ఛిత్తి బాంబు బావి ధ్వంసమైంది, అంతకు మూడింతల శక్తి ఉండాల్సిన హైడ్రోజన్ బాంబు బావి దాదాపు చెక్కుచెదరకుండా ఉంది, పెద్ద గొయ్యీ లేదు అన్నది ఆయన వాదనలో ఒక భాగం. 1998లో అణుశక్తి సంఘం అధ్యక్షుడిగా ఉన్న ఆర్. చిదంబరం, 2009లో ఆ పదవిలో ఉన్న అనిల్ కకోద్కర్ దాన్ని ఒప్పుకోలేదు. రెండు బావుల కింద ఉన్న రాళ్లు వేరు, హైడ్రోజన్ బాంబు గట్టి గ్రానైట్‌లో, ఇంకా లోతున ఉంది, అక్కడ గొయ్యి ఆశించకూడదు అన్నది వారి జవాబు.

మనం పైన చూసిన లెక్కతో ఈ వాదనను ఒక అడుగు ముందుకు తీసుకెళ్లొచ్చు. ప్రకటించిన శక్తులే నిజమనుకుంటే, 200 మీటర్లను 45 ఘనమూలంతో భాగిస్తే సుమారు 56 వస్తుంది. 150 మీటర్లను 15 ఘనమూలంతో భాగిస్తే సుమారు 61. పైచిలుకు మీటర్లు కలిపినా రెండూ ఇంచుమించు ఒకే వరసలో ఉంటాయి. అంటే "ఎక్కువ లోతులో ఉంది కాబట్టి" అన్న మాట ఒక్కటే ఆ తేడాను వివరించదు. శక్తి ఎక్కువైనప్పుడు లోతు కూడా ఎక్కువ కావాలి మరి. మిగిలేవి రెండే. ఒకటి రాయి. గ్రానైట్ పెద్ద ముక్కలుగా విరిగి, బాగా ఉబ్బి, చిమ్నీని లోపలే ఆపేసి ఉండొచ్చు. మన కంకర లెక్క ప్రకారం అది పూర్తిగా సాధ్యమే. రెండోది సంతానం చెప్పిన కారణం, శక్తి తక్కువ. గొయ్యి లేకపోవడం ఈ రెండింటితోనూ సరిపోతుంది. టీవీ చర్చల్లో గొయ్యినే రుజువుగా ఊపిన రెండు పక్షాల వాళ్లూ నా దృష్టిలో సగం దారిలో ఆగిపోయారు.

భూకంప తీవ్రత కూడా ఇక్కడ తీర్పు చెప్పదు. రెండు పేలుళ్ల అలలు కలగలిసి వచ్చాయి. పైగా నెవాడా, సెమిపలాటిన్స్క్ అనుభవం చెప్పినట్టు ఆ తీవ్రతను కిలోటన్నుల్లోకి మార్చాలంటే రాజస్థాన్ రాతికి తగిన కొలమానం కావాలి. దాని మీదే పక్షాలకు ఒప్పందం కుదరలేదు.

ఇంకో దారి డొల్ల అడుగున గట్టిపడిన గాజులో ఉంది. పైనుంచి బోరు వేసి ఆ గాజు ముక్కలు తీసి, అందులో మిగిలిన రేడియోధార్మిక పదార్థాల నిష్పత్తి చూస్తే, ఎంత ఇంధనం విచ్ఛిత్తి చెందిందో, హైడ్రోజన్ బాంబులో కేంద్రకాల కలయిక ఎంత జరిగిందో లెక్క కట్టొచ్చు. నేల ఎలా కుంగిందన్న దానితో సంబంధం లేని కొలత ఇది. బార్క్ శాస్త్రవేత్తలు పోఖ్రాన్‌లో ఆ బోరు వేశారు, ఫలితాలు ప్రకటించిన శక్తికి సరిపోయాయని చెప్పారు. పూర్తి గణాంకాలు బయట పెట్టకుండా ఆ మాటను స్వతంత్రంగా సరిచూడలేమని విమర్శకులు అంటున్నారు. వాదన ఇప్పుడు ఆ బోరు నమూనాల దగ్గర ఆగి ఉంది.